అంగడిలో అడుగవలసిన మాట

ధ్యాన భాగములు: 1 కొరింథీయులకు 10:25–33, మత్తయి 23:37, సామెతలు 12:10



మన సంఘములోని ఒక పెద్దమ్మను కంటి పరీక్ష నిమిత్తము ఈ జనవరి నెలలో హైదరాబాదునకు తీసికొనిపోతిని. తెల్లవారుజామున నాంపల్లి స్టేషనులో రైలు దిగితిమి. వైద్యుని చూచుటకు ఇంకను మూడు గంటల వ్యవధి యుండెను. కనుక అబిడ్స్ వైపునకు మెల్లగా నడిచిపోయి, ఎక్కడనైన టీ త్రాగుదమని బయలుదేరితిమి. దారిలో ఒక కోడిమాంసపు దుకాణము ముందర వ్యాను ఒకటి ఆగియుండెను. దానిలో ప్లాస్టిక్ బుట్టలు ఒకదానిమీద ఒకటి పేర్చబడి, ప్రతి బుట్టలోను తెల్లని కోళ్లు క్రిక్కిరిసి యుండెను. పనివాడు వాటిని కాళ్లు పట్టుకొని, నాలుగేసి చొప్పున తలక్రిందులుగా దింపుచుండెను.

పెద్దమ్మ నిలిచిపోయెను. ఆమె కన్నులకు పొర వచ్చినది గాని చెవులు చక్కగా వినును. "అయ్యగారూ, ఇన్ని కోళ్లున్నవి గదా, ఒక్కటియు కోడివలె అరవదేమి? అన్నియు కోడిపిల్లలవలె కీచుకీచుమనుచున్నవి" అనెను. దుకాణదారుడు నవ్వి, "ఇవి ఆరు వారాల కోళ్లు అమ్మా. బరువు వచ్చినది గాని వయస్సుకు పిల్లలే" అని చెప్పెను.

"అట్లయితే వీటి తల్లి యేది నాయనా?" అని ఆమె అడిగెను.

అతడు జవాబు చెప్పలేదు. నేనును చెప్పలేకపోతిని. పరలోకమును గూర్చి అడిగినవారికి ముప్పది సంవత్సరములుగా జవాబులు చెప్పుచున్న నేను, ఒక కోడిపిల్ల తల్లిని గూర్చి అడిగినప్పుడు మౌనముగా నిలిచితిని. ఆ ప్రశ్న నన్ను విడువలేదు. దానిని ప్రభువు సన్నిధిలో పెట్టి ఆలోచించినదే ఈ నెల మీకు వ్రాయుచున్నాను.

ప్రియులారా, అంగడిలో ఏమియు అడుగనక్కరలేదని చెప్పు వచనము ఒకటి మనకున్నది. కొరింథు పట్టణపు మాంసపు అంగడిలో విగ్రహములకు బలియిచ్చిన పశువుల మాంసము కూడ అమ్మకమునకు వచ్చుచుండెను. దానిని కొనవచ్చునా, కూడదా అని విశ్వాసులలో కలవరము పుట్టెను. అపొస్తలుడైన పౌలు వారి మనస్సాక్షికి భారము కలుగకుండునట్లు, అంగడిలో దొరకినదానిని గుచ్చి గుచ్చి అడుగక తినవచ్చునని 25వ వచనములో వ్రాసెను. నేను కూడ అనేక సంవత్సరములు ఈ వచనమును అడ్డుపెట్టుకొని, అడుగక కొని, అడుగక తిని, కన్నులు మూసికొని భోజన ప్రార్థన చేసితిని.

అయితే పౌలు అక్కడ ఆగలేదు. అడుగక తినుటకు ఆయన చూపిన కారణమును 26వ వచనములో చూడుడి. భూమియు అందులోని సమస్తమును ప్రభువు సొత్తు గనుక తినవచ్చును అనెను. భూమి ప్రభువు సొత్తయితే కోడియు ప్రభువు సొత్తే గదా! నా సొత్తును ఎట్లు వాడితివి అని అడుగు హక్కు యజమానునికి ఉండదా? 28వ వచనములో ఆయన మరియొక మాట చెప్పుచున్నాడు. ఎవడైనను వచ్చి ఈ మాంసము ఎట్టిదో నీకు తెలిపినయెడల, తెలిపినవాని నిమిత్తము దానిని మానుకొమ్మనుచున్నాడు. తెలియక తినుట ఒకటి, తెలిసి తినుట మరియొకటి. విగ్రహము వట్టిదని పౌలు ఎరుగును. అందుచేతనే దానికి వెరవవద్దనెను. కాని కోడి వట్టిది కాదు, దానికి దేవుడిచ్చిన ప్రాణమున్నది. దానిని పెంచిన రైతు వట్టివాడు కాడు, అతడు క్రీస్తు ఎవరికొరకు చనిపోయెనో అట్టివాడు. కాబట్టి ఈనాడు మనకు తెలియవచ్చిన సంగతులు మూడింటిని వరుసగా చూతము.

మొదటిది, కోడిని గూర్చిన మాట.

మన పెరటి కోడిని మీరెరుగుదురు. పెట్ట పొదుగుటకు కూర్చున్నదంటే మేతకు తప్ప లేవదు. ఇరువది యొక్క దినములు తన ఒంటి వేడిమిని గ్రుడ్లకు ఇచ్చును. పిల్లలు లేచిన పిమ్మట పెంటకుప్పను గీరి, గింజ కనబడగానే తాను తినక పిల్లలను పిలుచును. గ్రద్ద నీడ పడినదంటే రెక్కలు విప్పును. రెప్పపాటులో పిల్లలన్నియు వాటి క్రింద దాగును. యెరూషలేమును చూచి దుఃఖించిన దినమున మన ప్రభువు తన ప్రేమకు పోలిక వెదకినప్పుడు సింహమును తలంచలేదు, గద్దను తలంచలేదు. మన వాకిటిలో తిరుగు ఈ కోడిపెట్టను తలంచెను.

ఇప్పుడు గ్రుడ్ల కర్మాగారములోని కోడిని చూడుడి. గ్రుడ్ల ఉత్పత్తిలో మన ఆంధ్రప్రదేశ్ భారతదేశములో మొదటి స్థానమున ఉన్నది. తెలంగాణయు ముందు వరుసలో ఉన్నది. ఆ గ్రుడ్లలో అధిక భాగము తీగె పంజరములలోని కోళ్లు పెట్టునవే. ఒక్కొక్క కోడికి దక్కు చోటు మనము ఉత్తరము వ్రాయు కాగితమంత కూడ ఉండదు. అది రెక్క విప్పలేదు, నేలను గీరలేదు, దుమ్ములో పొర్లలేదు. ఒకదాని నొకటి పొడుచుకొనకుండ చిన్నతనముననే ముక్కు కొన తీసివేయుదురు. మన నాటు పెట్ట సంవత్సరమునకు సుమారు 60 గ్రుడ్లు పెట్టగా, ఆ కోడి చేత 300 వరకు పెట్టింతురు. పిల్లలను యంత్రములో పొదిగింతురు గనుక తల్లి వాటిని ఎన్నడును చూడదు. గ్రుడ్ల జాతిలో పుట్టిన పుంజుపిల్లలు లాభము లేనివని, వాటిలో అధిక భాగమును పుట్టిన దినముననే చంపివేయుదురు. మాంసపు కోళ్లు పంజరములో గాక షెడ్డు నేలమీదనే పెరుగును గాని, కాళ్లు మోయలేనంత వేగముగా బరువెక్కి, ఆరు వారములకే కత్తికి వచ్చును.

పెద్దమ్మ ప్రశ్నకు జవాబు ఇదే. వాటికి తల్లి లేదు. తల్లి రెక్కల క్రింద ఒక్క దినమైనను ఉండని పక్షులవి. ఇట్టి కోళ్లనే చూచి పెరిగిన బిడ్డకు, ప్రభువు యెరూషలేమును గూర్చి పలికిన ఆ మాటను మనము ఎట్లు వివరింతుము?

దేవుని ధర్మశాస్త్రము మూగజీవులను మరువలేదు. నూర్చెడు ఎద్దు మూతికి చిక్కము కట్టవద్దనెను (ద్వితీయోపదేశకాండము 25:4). గూటిలో తల్లిపక్షిని పిల్లలతో కూడ పట్టవద్దనెను (22:6, 7). విశ్రాంతి దినమున ఎద్దునకును గాడిదకును కూడ విశ్రాంతి నిచ్చెను. నీతిమంతుడెవడని తెలిసికొనుటకు సొలొమోను చూపిన గురుతులలో తన పశువు ప్రాణమును గూర్చి చింతించుట ఒకటి. అంగడిలో కొన్ని కాసులకు అమ్ముడుపోవు పిచ్చుకలలో ఒక్కదానినైనను దేవుడు మరువడని ప్రభువు సెలవిచ్చెను (లూకా 12:6). మన దేశపు పెద్దలును ఈ సంగతిని ఎత్తి చూపిరి. 2017 జూలైలో భారత లా కమిషన్ తన 269వ నివేదికలో కోళ్లను పెంచు రీతియు, మోసికొనిపోవు రీతియు మారవలెనని సూచించెను. లోకాధికారులు చింతించిన దానిని గూర్చి సంఘము చింతింపకుండ తగునా?

రెండవది, గింజను గూర్చిన మాట.

ఆ దినము సాయంకాలము కంటి పరీక్ష ముగించుకొని మరల నాంపల్లికి వచ్చుచుండగా, రోడ్డు ప్రక్కన ఒక స్త్రీ పొయ్యి పెట్టుకొని జొన్నరొట్టెలు కాల్చుచుండెను. మంచి బట్టలు కట్టిన ఉద్యోగస్థులు చుట్టు నిలిచి తమ వంతుకొరకు కనిపెట్టుచుండిరి. పెద్దమ్మ ఆ చప్పుడు విని, "మా కోడలు ఇంటిలో మానివేసిన రొట్టెను వీరు డబ్బు పెట్టి కొనుచున్నారా!" అని నవ్వెను. ఆ నవ్వులో దుఃఖము కూడ ఉండెను.

అక్కడికి కొంచెము దూరములోనే నుమాయిష్ జరుగుచుండెను. సాధారణముగా జనవరి 1న ఆరంభమై సుమారు 45 దినములు జరుగు ఆ ప్రదర్శనకు మీలో అనేకులు పిల్లలను తీసికొని పోయియున్నారు. దాని మొదటి పేరు నుమాయిష్ మస్నువాతే ముల్కీ. అనగా ఈ నేలమీద తయారైన వస్తువుల ప్రదర్శన. 1938లో ఉస్మానియా పట్టభద్రులు దానిని నాంపల్లిలోని పబ్లిక్ గార్డెన్స్‌లో మొదలుపెట్టిరి. 1946లో అది ఇప్పటి మైదానమునకు మారెను. మన నేల యేమి ఇవ్వగలదో మనమే మొదట చూచుకొనవలెనని వారి ఉద్దేశము. ఈనాడు దేశమంతటి సరకును అక్కడ దొరకును, అది తప్పు కాదు. కాని మన నేల యేమి ఇచ్చుచున్నదను ప్రశ్న ఆ జనసమూహములో ఎందరికి తోచును?

ఆ జనవరి మాసముననే పడమటి దిక్కున జహీరాబాదు ప్రాంతములో మరియొక ప్రదర్శన బయలుదేరుట కద్దు. పస్తాపూరులో 1983లో మొదలైన దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీకి చెందిన సంఘముల స్త్రీలు సంక్రాంతి కాలమున పాత పంటల జాతర జరుపుచు వచ్చిరి. ఎడ్లబండ్లను అలంకరించి, జొన్న, సజ్జ, కొర్ర, సామ, కంది మొదలైన విత్తనములను వాటిమీద పెట్టి, ఊరూర తిప్పుదురు. ఈ స్త్రీలలో అధిక సంఖ్యాకులు కొద్దిపాటి మెట్ట భూమి గల దళిత స్త్రీలు. ఒక్క చేనిలోనే పది పన్నెండు రకముల గింజలు కలిపి విత్తుదురు. వాన తప్పినను ఏదో ఒకటి ఇంటికి వచ్చును. విత్తనమును బూడిదతోను వేపాకుతోను బుట్టలలో దాచి, లేనివారికి అప్పుగా ఇచ్చి, పంట వచ్చిన పిమ్మట కొంత అధికముగా తిరిగి పుచ్చుకొందురు. 1990లలో బీడు భూములను సాగులోనికి తెచ్చి, ఆ జొన్నలనే తమ ఊరి పేదలకు తక్కువ ధరకు అందించిరి. 2019లో ఐక్యరాజ్యసమితి వారి ఈక్వేటర్ బహుమానము ఈ సంస్థకు లభించెను.

1983లో కిలో రెండు రూపాయల బియ్యము వచ్చినప్పుడు పేదల ఆకలి తీరినది. దానికొరకు దేవుని స్తుతింపవలసినదే. కాని దానితో కూడ జొన్నరొట్టె తినుట బీదతనపు గురుతను సిగ్గు మన ఇండ్లలో ప్రవేశించెను. మెట్టచేలు అనేకము బీడుపడెను. ప్రియులారా, ఆ సిగ్గును విడువుడి! గలిలయ కొండమీద ఆ చిన్నవాని యొద్ద ఉండినవి యవల రొట్టెలు (యోహాను 6:9). యవలు ఆ దేశములో బీదల ధాన్యము, మన జొన్నల వంటిది. ప్రభువు వాటిని చూచి గోధుమ రొట్టెలు తెమ్మనలేదు. పట్టణమునుండి కొని తెప్పింపలేదు. ఉన్నవాటినే చేతబట్టుకొని, కృతజ్ఞతాస్తుతులు చెల్లించి, అయిదువేలమందికి పంచిపెట్టెను. ఎలీషా యొద్దకు ప్రథమఫలముగా వచ్చినవియు యవల రొట్టెలే (2 రాజులు 4:42). మన నేల పండించినది ప్రభువు చేతికి తగినదే.

మూడవది, మనుష్యుని గూర్చిన మాట.

ఇక్కడ జాగ్రత్తగా ఉండవలెను. ఇంతవరకు చదివి, "కోళ్ల షెడ్డు పెట్టిన మన పొరుగువాడు పాపాత్ముడు" అని ఎవరైన అనుకొనిన యెడల, ఈ ప్రసంగము వ్యర్థము. మన సంఘములలోనే అట్టి సహోదరులున్నారు. వారి బ్రదుకు ఎట్టిదో అడిగితిరా? కంపెనీ పిల్లను ఇచ్చును, మేతను ఇచ్చును, మందును ఇచ్చును. షెడ్డు రైతుది, షెడ్డు మీది అప్పు రైతుది, నీళ్లు, కరెంటు, రాత్రి కావలి రైతువి. కోడి పెరిగిన పిమ్మట కిలోకు ఇంత అని కూలి ముట్టును. ఎండకాలమున కోళ్లు చచ్చినయెడల ఆ కూలి తరుగును. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాలలో బర్డ్ ఫ్లూ కనబడినప్పుడు కోళ్లను గుంటలలో పూడ్చిపెట్టవలసి వచ్చెను. రోగము లేని చోట్ల కూడ మాంసమును కొనువారు తగ్గిరి. చౌకగా తినగోరు మన కోరికయే ఆ షెడ్డును కట్టించినది. కాబట్టి రైతుమీద రాయి వేయుటకు ముందు మన పళ్లెమును చూచుకొందము.

చౌకమాంసము బీదవానికి మేలు చేయలేదా అని మీరు అడుగవచ్చును. చేసెను. పండుగకు తప్ప మాంసమెరుగని ఇండ్లలో ఆదివారపు కూర ఉడికెను. బాలింతకును బడిపిల్లవానికిని గ్రుడ్డు దొరకెను. కూలి డబ్బులతో గ్రుడ్డు కొను తల్లిని తప్పుపట్టు నోరు క్రైస్తవుని నోరు కాదు. భోజనమును బట్టి సహోదరునికి తీర్పు తీర్చవద్దని రోమా పత్రిక 14వ అధ్యాయము మనకు బోధించుచున్నది. అయినను చౌకదనమునకు వేరొకచోట ధర చెల్లింపబడుచున్నది. కోళ్లు త్వరగా పెరుగుటకు కొలిస్టిన్ అను మందును మేతలో కలుపుచుండిరి. అది, మరే మందును పనిచేయని రోగికి వైద్యులు చివరగా ఇచ్చు మందు. విచ్చలవిడిగా వాడినయెడల క్రిములు దానికి లొంగకుండ పోవును. అప్పుడు ఆసుపత్రిలోని మన బిడ్డకు అది పనికిరాదు. అందుచేత 2019 జూలైలో భారత ప్రభుత్వము ఆహార జంతువులకు దాని వాడుకను నిషేధించెను. అడుగువారు అడిగినందుననే ఆ నిషేధము వచ్చినది.

అయితే మనమేమి చేయుదము?

మొదట నా తప్పు ఒప్పుకొందును. గడచిన కోత పండుగలో మన సంఘస్థులు ప్రథమఫలములుగా జొన్నలు, కందులు, గుమ్మడికాయలు, నాటుకోళ్లు తెచ్చిరి. వేలములో నాటుకోళ్లన్నియు పట్టణమునుండి వచ్చిన బంధువులు పాడుకొని తీసికొనిపోయిరి. ఆ సొమ్ములో కొంత పెట్టి, సంఘ భోజనమునకు షెడ్డు కోళ్లను, దూరపు మిల్లు బియ్యమును కొని తెప్పించితిమి. దేవునికి అర్పించినదానిని అమ్మి, ఎక్కడిదో తెలియనిదానిని కొని తిని, స్తోత్రము చెప్పితిమి! ఆ భోజనమునకు ప్రార్థన చేసినవాడను నేనే.

ఈ సంవత్సరము అట్లు కాకుండునట్లు పెద్దలతో మాటలాడితిని. కోత పండుగ భోజనము మన ఊరి చేలలోనిదే కావలెను: జొన్నరొట్టె, పప్పు, ఆకుకూర. నాటుకోళ్లు సరిపోయినంతవరకే మాంసము. అది తలకు ఒక ముక్కయైనను చాలును. పూర్వము మన తల్లులు వంటకు ముందు పిడికెడు బియ్యము తీసి ప్రభువు కొరకు ఉంచి, సంఘములను పోషించిరి గదా. చిన్నదానిని నమ్మకముగా చేయుట మనకు క్రొత్త కాదు.

స్థలమున్న ఇంటివారు రెండు మూడు పెట్టలనైన పెంచుడి. హైదరాబాదు రాజేంద్రనగరములోని కోళ్ల పరిశోధనా సంస్థవారు పెరటి పెంపకము కొరకే వనరాజా, గ్రామప్రియ అను జాతులను తయారుచేసిరి. అవి మన కోళ్లకంటె ఎక్కువ గ్రుడ్లు పెట్టును గాని, పొదుగుటకు సాధారణముగా కూర్చుండవు; కనుక వాటి గ్రుడ్లను నాటు పెట్ట క్రింద పెట్టుడి. కొక్కెర తెగులుకు టీకా తప్పక వేయించుడి, రాత్రి గూటిలో మూయుడి. నాటు గ్రుడ్డు అమ్మి డబ్బు చేసికొనుట తప్పు కాదు, కాని మీ బిడ్డ నోటిది తీసి అమ్మకుడి. కొనవలసి వచ్చినప్పుడు వాడుక అంగడివానిని అడుగుడి: "ఇది ఎక్కడిది? ఎట్లు పెరిగినది?" అతడు మొదట నవ్వును. పదిమంది అడిగిన తరువాత తెలిసికొని వచ్చును. మాంసము కొంచెము తక్కువగా, పప్పులు కొంచెము ఎక్కువగా తినుడి. దానియేలును అతని స్నేహితులును పది దినములు పరీక్షింపబడి చిక్కిపోలేదు.

పెద్దమ్మకు రెండు కన్నులకును పొర తీయవలెనని వైద్యుడు చెప్పెను. తిరుగు ప్రయాణములో ఆమెను, "కన్నులు బాగైన తరువాత మొదట ఏమి చూడగోరుదువమ్మా?" అని అడిగితిని. "మా కోడి ఎన్ని పిల్లలను లేపినదో లెక్కపెట్టవలెను అయ్యగారూ. చెవులకు తొమ్మిది అని తోచుచున్నది" అనెను. ప్రియులారా, తన వాకిటిలోని ప్రాణులను లెక్కపెట్టు ఆ మనస్సును ప్రభువు మనకందరికి దయచేయును గాక.

ప్రార్థన: సమస్త ప్రాణులకు తగిన కాలమున ఆహారమిచ్చు తండ్రీ, మేము అడుగక తినిన దినములను క్షమించుము. నీ నేల ఇచ్చినదానిని బట్టి సిగ్గుపడిన మమ్మును క్షమించుము. మా పళ్లెములోనికి వచ్చు ప్రతి ముద్దవెనుక ఉన్న ప్రాణిని, కూలివానిని, రైతును మాకు కనుపరచుము. అప్పులో నలుగుచున్న మా సహోదరులకు మార్గము తెరువుము. కోడి తన పిల్లలను కాచునట్లు మమ్మును నీ రెక్కల చాటున కాపాడుము. మా రక్షకుడైన యేసుక్రీస్తు నామమున అడుగుచున్నాము తండ్రీ. ఆమేన్.